గూట్లో దీపం

రిచీ స్ట్రీట్‌లో వాన వెలిసింది.
చెప్పులు చేత పట్టుకునేంత నీళ్ళు.
సెల్‌ఫోన్ తొడుగుల దుకాణాల వెనక,
మేడమెట్ల కింద, బాషా గారి కొట్టు.
నిలబడితే తల తగులుతుంది.
కూర్చుంటే మోకాళ్ళు సోల్డరింగ్ బల్లకి.

"వాల్వులా? ఇప్పుడెవరికయ్యా,
నీకూ, పెరంబూరు చర్చిలో వాయించే ఆ రోలండుకీ తప్ప!"

నా ఆంప్లిఫయర్‌కి జలుబండీ, అన్నాను.
మూడో తీగ మీటితే ముక్కుతో మాట్లాడుతోంది.
ఐదు దాటి తిప్పితే
రేకుల మీద వడగళ్ళు.

పాత తమిళ పేపర్ల పొట్లాలు విప్పాడు.
రష్యాది ఒకటి, కొత్త అట్టపెట్టెలో, పద్దెనిమిది వందలు.
యుగోస్లావియాది ఒకటి.
ఆ దేశం ఇప్పుడు లేదు,
దాని దీపం మాత్రం ఉంది.
(దానికెంతిచ్చానో ఇక్కడ చెప్పను.)
మూడోదాని మీద పేరు చెరిగిపోయింది.
"అయనావరంలో ఒక మైక్ సెట్‌లోంచి పీకాను.
పెళ్ళిళ్ళు, ఓట్లు, ఆడి నెల అమ్మవారి గంజి,
తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు,
అన్నీ అరిచింది.
డబ్బులొద్దు. పనిచేస్తే టీ పొయ్యి."

నెత్తిన వెండి మచ్చ చూపించాడు.
ఇది మెరుస్తుంటే ప్రాణమున్నట్టు.
పాలలా తెల్లబడిందా,
గాలి జొరబడి పోయినట్టు.
గాలి తగిలితే చచ్చేది
నా ఎరుకలో ఇదొక్కటే.

కొళత్తూరు, మూడో అంతస్తు.
ప్లగ్గు పీకి పావుగంట ఆగాను.
తీగ తెంచినా లోపల కరెంటు
పగబట్టి కూర్చుంటుంది.
తొమ్మిది కాళ్ళు. ఒకటి వంకర.
వకుళ కనుబొమ్మల పట్టకారుతో సరిచేశాను.
ఆమెకింకా తెలీదు.

నాలుగు గూళ్ళలో మొదటిదే అన్నిటికీ మూలం.
గిటార్ గొంతు ముందు చేరేది అక్కడికే.
అక్కడ పడిన మరక
చివరిదాకా పెద్దదవుతూ పోతుంది.

పెన్సిల్ వెనకవైపుతో తట్టి చూస్తున్నాను,
మంచిది ఊరుకుంటుంది, చెడ్డది గంట కొడుతుంది.
వంటింట్లోంచి వకుళ:
"గూట్లో దీపం నోట్లో ముద్ద అనేది మా అమ్మమ్మ.
గూట్లో దీపం పెట్టావు సరే,
ముద్ద ఎప్పుడు?"

ఒక్క నిమిషం.
రా, గోడకి తిరిగి నిలబడు.
ఏది బాగుందో చెప్పు.

అదే తీగ, అవే నాలుగు స్వరాలు.
మొదటిది ఇస్త్రీ చొక్కా.
ఎక్కడా ముడత లేదు,
చొక్కాలో మనిషీ లేడు.
రెండోది తియ్యగానే ఉంది,
నానిన అప్పడంలా.

మూడోది కాసేపు గురగురలాడింది.
గొంతు సవరించుకుంటోంది అనుకున్నాను.
ఇన్నేళ్ళూ గోలలో నిలబడి
గోలకంటే పైకి అరవడమే దాని ఉద్యోగం.
మెల్లగా చెప్పమని
ఎవరూ అడిగి ఉండరు.
మెల్లగా మీటాను.
స్వరం అంచున ఆవాలు చిటపటలాడాయి,
తర్వాత నూనె సద్దుమణిగినట్టు
ఒక పొడుగాటి, వెచ్చని...

"మూడోది," అంది గోడ వైపునుంచే.
ఎందుకు?
"ఏమో. మిగతావి వీధికి వినిపిస్తున్నాయి.
ఇది ఇంటికి వినిపిస్తోంది."

మైక్ సెట్ సంగతి చెప్పలేదు.
పద్దెనిమిది వందల సంగతీ చెప్పలేదు.

ఇంకోసారి వాయించబోతే కరెంటు పోయింది.
కొళత్తూరు మొత్తం చీకటి.
అయినా స్వరం ఆగలేదు.
లోపల దాచుకున్న కాస్త కరెంటు మీద
రెండు గుక్కలు నడిచింది,
సన్నబడి, బొంగురుపోయి.
నారింజ రంగు నిప్పు ముందు ఎర్రగా,
ఆ తర్వాత ఇక్కడుండేది అన్నంతగా.

చీకట్లో గిన్నె మూత చప్పుడు.
"చెయ్యి పట్టు," అంది.
చల్లారిన పప్పన్నం, ఆవకాయ.

బాషా గారికి ఒక టీ బాకీ.